ఒక్కరోజు ఆరిన సున్నం

ఇరవై రెండేళ్లుగా పదో తరగతి పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. ఎల్బీనగర్ చుట్టుపక్కలే మూడు ప్రైవేటు స్కూళ్లు మారాను, పాఠం మాత్రం మారలేదు. గోడకు వేసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి మెల్లమెల్లగా కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది, అందుకే రెండు మూడు రోజుల తర్వాత గోడ మెరుస్తుంది అని ఏటా బోర్డు మీద సమీకరణం రాస్తాను. "రెండు మూడు రోజులు" అన్న మాట కింద గీత గీస్తాను, బిట్టు పేపర్లో అడుగుతారని. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మా అమ్మాయి ఒక బల్లిని పెంచుతుంది. గోడల మీద తిరిగే బల్లి కాదు. లెపర్డ్ గెకో అంటారు. జానెడు పొడవు, పసుపుపచ్చ ఒంటి మీద నల్ల చుక్కలు, బొటనవేలంత లావు తోక. గోడ ఎక్కడం దానికి చేతకాదు. మామూలు బల్లికి లేని కనురెప్పలు దీనికి ఉంటాయి, అందుకని నిద్రపోతే నిద్రపోయినట్టే కనిపిస్తుంది. కాలేజీలో సీనియర్ ఎవరో ఊరు వదిలి వెళ్తూ గాజుపెట్టెతో సహా ఇచ్చేసి పోయింది. మా అమ్మాయి దానికి పేరు కూడా పెట్టుకుంది. ఆ పేరు ఇక్కడ రాయను, అది వాళ్లిద్దరి మధ్య సంగతి.

ఇంటర్ అయ్యాక మెడికల్ ఎంట్రెన్స్‌లో తనకు సీటు వచ్చేంత మార్కులు రాలేదు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో వేద్దామని నేనే నిర్ణయించాను. తను వద్దనలేదు. ఒక్కటే అడిగింది. "ఇంటికెంచే పోయొస్తా డాడీ. రెండు స్టేషన్లే గదా." నిజమే, మా ఎల్బీనగర్ ఇంటి నుంచి కోచింగ్ సెంటరున్న చైతన్యపురి మెట్రోలో రెండు స్టేషన్ల దూరం, కూర్చునే లోపు దిగాల్సి వస్తుంది. నేను ఒప్పుకోలేదు. హాస్టల్‌లోనే ఉండాలన్నాను. "ఇంట్ల ఉంటె నువ్వేం చదువుతవ్? ఆ బల్లి మొకం చూసుకుంట కూసుంటవ్," అన్నాను. నాకు కోపం వస్తే గొంతు క్లాసు గదిలో లాగే లేస్తుంది, ఇల్లు కూడా అట్లాగే నిశ్శబ్దమైపోతుంది.

జూన్‌లో సూట్‌కేసు సర్దుకుంటూ చెప్పింది. "సరే పోతా. గని నేనొచ్చేదాంక దీన్ని నువ్వే చూస్కోవాలె. మమ్మీ కాదు, నాయనమ్మ కాదు. నువ్వు."

"చూస్కుంటలే."

"మంచిగ ఉంచుతవ్ గదా?"

"ఉంచుత అన్న గదా! ఎన్నిసార్లు చెప్పాలె?"

గాజుపెట్టె పక్కకు ఒక కాగితం అంటించి వెళ్లింది. రోజు విడిచి రోజు నాలుగైదు పురుగులు. నీళ్ల మూత రోజూ కడగాలి. కాల్షియం పొడి అద్దకుండా పురుగు పెట్టొద్దు, దీని కింద రెండు గీతలు. చివర్లో, "తోక చూస్తుండు డాడీ. అది తిన్నదంతా తోకలోనే దాచుకుంటది. తోక లావుగా ఉందంటే బాగున్నట్టు." గీతలు గీసే అలవాటు నా దగ్గర నుంచే వచ్చి ఉంటుంది.

మా ఇంట్లో మిగిలింది ముగ్గురం. నా భార్య దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పనిచేస్తుంది, ఆదివారమే గిరాకీ కాబట్టి ఆ రోజు ఆమెకు సెలవుండదు. ఇక మా అమ్మ. నల్గొండ అవతల ఊళ్లో ఇల్లు కూలినప్పటి నుంచి మా దగ్గరే ఉంటుంది. బాల్కనీ దగ్గర మంచం, మంచం మీద ఆమె ఆకువక్కల డబ్బా, పక్కన చిన్న సున్నపుకాయ. బల్లిని చూసి మొదట్లో నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఎల్లగొట్టేదాన్ని తెచ్చి పెంచుడేందిరా?" అంది. నెల తిరిగేసరికి నాకంటే ముందు ఆమే దాని నీళ్ల మూత వంక చూసేది.

నాకూ అలవాటైంది. తౌడు పోసిన డబ్బాలో పురుగులు, పట్టకారుతో ఒక్కోటి తీసి పొడిలో దొర్లించి పెట్టడం. అది తల వంచి, పక్కకు చూసి, ఒక్క ఉదుటున అందుకునేది. నోరు మూసుకుని రెండు పెదాలూ నాక్కునేది. నాకు నవ్వొచ్చేది. ఆ నవ్వు సంగతి మాత్రం ఆదివారం హాస్టల్‌కు చూడ్డానికి పోయినప్పుడు మా అమ్మాయికి చెప్పేవాణ్ని కాదు, బిడ్డ ఇంటి మీద ధ్యాస పెట్టుకుంటుందని.

ఆగస్టులో ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి అది పెట్టె మూలలో పరిచిన కాగితాన్ని రెండు ముందరి కాళ్లతో గీరుతోంది. ఆపడం లేదు. ఎత్తి వెలుగుకు పెడితే పొట్ట చర్మం కింద రెండు తెల్లటి గుండ్రాలు కనిపించాయి. గుడ్లు! ఇంట్లో ఉన్నది ఇదొక్కటే బల్లి, మగది ఎక్కడిది?

మా అమ్మ మంచం మీద నుంచే తేల్చేసింది. "కోడిపెట్ట ఒక్కతే ఉన్నా పెడ్తలేదా? పెడ్తది. పొదగవు గంతే. గీ మాత్రం తెల్వదా నీకు, సారువి?"

ఫోన్‌లో వీడియోలు చూసి ఆమె చెప్పిందే నిజమని తెలుసుకున్నాను. ఐస్‌క్రీమ్ డబ్బా మూతకు రంధ్రం కోసి, తడిపిన కొబ్బరిపీచు పొడి నింపి పెట్టెలో పెట్టాను. రెండో రోజు సాయంత్రం అందులో రెండు గుడ్లు. వేలితో తాకితే మెత్తగా, నానబెట్టిన బొబ్బర్లలా ఉన్నాయి. నాలుగు రోజుల్లో సొట్టలు పడి పసుపురంగుకు తిరిగాయి. చెట్టు కుండీలో పాతిపెట్టాను.

ఆ ఆదివారం మా అమ్మాయికి ఈ విషయం చెప్పాలా వద్దా అని మెట్రోలో రెండు స్టేషన్లూ ఆలోచించాను. చెబితే ఇంటికి వస్తానంటుంది. ఒక్కరోజు వచ్చిందంటే రెండు టెస్టులు పోతాయి. చెప్పలేదు.

ఆ హాస్టల్ ఉన్న సందు ఆదివారం పూట చూడాలి. పది గంటల నుంచి ఒంటిగంట వరకే తల్లిదండ్రులను కలవనిస్తారు. మెట్ల మీద, ఆపి ఉన్న బండ్ల మీద, మూసిన జిరాక్స్ షాపు అరుగు మీద, ఎక్కడ చూసినా విప్పిన టిఫిన్ క్యారియర్లు. తల్లులు ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటారు, తండ్రులు మార్కులు అడుగుతుంటారు. నేనూ అంతే. మా అమ్మాయి వచ్చి కూర్చోగానే "ఈ వారం టెస్టుల ఎంతొచ్చింది?" అనేవాణ్ని. తను "అది తింటుందా?" అనేది. రెండు ప్రశ్నలూ ఒకేసారి వచ్చేవి.

"మంచిగ తింటుంది," అన్నాను ఆ రోజు.

అదింకా అబద్ధం కాదు. గుడ్లు పెట్టాక మళ్లీ తింది. కానీ నెల తిరక్కుండానే మళ్లీ పొట్టలో రెండు తెల్లటి గుండ్రాలు కనిపించాయి. ఈసారి తోక సన్నబడింది. పట్టుకుంటే వెనక కాలి వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. గుడ్డుపెంకుకు కావలసిన కాల్షియమంతా ఒంట్లోని ఎముకల నుంచి లాక్కుంటుందని వీడియోలో చూశాను. సరిగ్గా అప్పుడే కాల్షియం పొడి డబ్బా అడుగంటింది. పెంపుడు జంతువుల సామాను అమ్మే షాపులో అడిగితే, "స్టాకు సోమవారం ఒస్తది సార్," అన్నాడు. ఆరోజు మంగళవారం.

మా అమ్మ చెప్పింది. "గుడ్డుపెంకులు కడిగి, ఎండబెట్టి, మెత్తగ నూరి పెట్టరా. ఊర్ల కోళ్లకు గట్లనే పెడ్తుంటిమి. తోలుగుడ్లు పెట్టేటివి గూడ గట్టి గుడ్లు పెట్టినయ్."

గుడ్డుపెంకు అంటే కాల్షియం కార్బొనేటే. వెనిగర్‌లో వేస్తే బుడగలు వస్తాయని ప్రతి జూలైలో ప్రయోగం చేసి చూపించే మనిషిని. అయినా నాకు ఎక్కడో కాలింది. నా భార్య అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది, ఆమె ముందు మా అమ్మ నాకు పాఠం చెప్పడమేంటి అనిపించింది. "చెత్తబుట్టల పెంకులు పెడ్తరా ఎవలన్న? కాల్షియమే గావాల్నంటే నీ సున్నపుకాయల లేదా?" అన్నాను.

మాట నోట్లోంచి వచ్చాక అదే సరైన ఉపాయం అనిపించింది. చిన్నప్పుడు మా అమ్మ బలమని గోధుమగింజంత సున్నం మజ్జిగలో కలిపి తాగించేది. నా పళ్లు ఇప్పటికీ గట్టివే. తడి సున్నం ఘాటని తెలుసు. అందుకే తెలివి ఉపయోగించాను. పల్చగా పరిచి ఎండలో పెడితే గాలి తగిలి కార్బొనేట్‌గా మారుతుంది, నేనే కదా సమీకరణం రాసేది!

"ఒరే, నోరు పొక్కుతది దానికి," అంది మా అమ్మ. "నీకు మజ్జిగల కలిపిచ్చిన గని ఒట్టిగ ఇచ్చిన్నా? ఆకులనే జర ఎక్కువైతె నాలుక పగుల్తది."

"అమ్మా, నువ్వు కెమిస్ట్రీ నాకు చెప్పకు."

ఆమె ఆకువక్కల డబ్బా దగ్గరికి లాక్కుంది. ఆకుకు ఈనె తీసుకుంటూ కూర్చుంది.

బుధవారం సాయంత్రం స్టీలు పళ్లెంలో సున్నం పరిచి డాబా మీద పెట్టాను. గురువారం సాయంత్రం తెచ్చి చూస్తే పైన పొలుసుల్లా ఆరింది. వేలితో నలిపితే పొడైంది. అడుగున కాస్త చల్లగా తగిలింది, తడి ఉందేమో అనుకున్నాను. ఇంకో రెండు రోజులు ఆగాలని మనసులో తెలుసు. కానీ దాని వేళ్లు వణుకుతున్నాయి, కాగితం గీరడం మొదలుపెట్టింది. ఆగలేకపోయాను. నాలుగు పురుగులకు ఆ పొడి అద్ది పెట్టాను. నాలుగూ తింది. నమ్మకంగా తింది. నా చేతిలోంచి వచ్చేది ఏదైనా తినేది అప్పుడు.

శుక్రవారం పొద్దున అది మూతిని రాయికేసి రుద్దుకుంటోంది. ఒక పక్క, మళ్లీ ఇంకో పక్క. కింది పెదవి అంచు తెల్లగా ఉబ్బింది. పురుగు చూపిస్తే వెనక్కి జరిగింది. సాయంత్రానికి నోటి నుంచి జిగురు కారుతోంది. మా అమ్మ దగ్గరకొచ్చి చూసి, ఒక్కమాట కూడా అనకుండా వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని అప్పుడు అనిపించింది.

శనివారం స్కూలుకు సెలవు పెట్టి, చెప్పుల డబ్బాకు రంధ్రాలు పొడిచి, అందులో దాన్ని పెట్టుకుని ఆటో ఎక్కాను. మొదట వెళ్లిన పశువుల దవాఖానాలో "బల్లా?" అని అడిగి, నవ్వాపుకుని, కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూస్తామన్నారు. వాళ్లే దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో చిలకల్నీ తాబేళ్లనీ చూసే డాక్టరమ్మ ఉందని చెప్పారు. అక్కడికి వెళ్లాను. చిన్న క్లినిక్, కోస్తా వైపు మనిషి, మెత్తటి మాట.

దాని నోరు దూదితో తుడిచి చూసి, "ఏం పెట్టారండీ దీనికి?" అంది.

"పురుగులు మేడం. కాల్షియం పొడి అద్ది."

"మామూలు కాల్షియం పొడేనాండీ?"

"మామూలుదే."

ఆమె ఒక క్షణం నా వంక చూసింది. నోటి ఇన్ఫెక్షన్ అయి ఉంటుందని, ఒక మందు, కాల్షియం చుక్కలు రాసిచ్చింది. "మీరేం చేస్తుంటారండీ?" అని మాటవరసకు అడిగింది.

"టీచర్‌ని."

"ఏ సబ్జెక్టండీ?"

"సోషల్," అన్నాను.

ఇరవై రెండేళ్ల ఉద్యోగాన్ని ఒక్క మాటలో దాచేశాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పూట చెప్పిన రెండు అబద్ధాల్లో ఏది ఎక్కువ సిగ్గుచేటో తేల్చుకోలేను.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే నా భార్య చికెన్ ఫ్రై చేసి బాక్సులో పెట్టి డ్యూటీకి పోయింది. హాస్టల్ మెట్ల మీద కూర్చున్నాం. మా అమ్మాయి అడిగింది. "డాడీ, తోక ఎట్లుంది?"

"లావుగనే ఉంది."

"నిజంగ?"

"అరే, ఎన్నిసార్లడుగుతవ్? లావుగనే ఉందన్న గదా. నీ ర్యాంకు సంగతి చెప్పు ముందు."

చెప్పింది. కిందటి వారం కన్నా వెనకపడింది. నేను ఒక పది నిమిషాలు మాట్లాడాను. తను రెండు ముద్దలు తిని బాక్సు మూత పెట్టేసింది. "మెస్‌లో ఇడ్లీ తినొచ్చిన డాడీ, కడుపు నిండుంది," అంది. తల్లి అంత కష్టపడి చేస్తే ఇట్లా వదిలేస్తావా అని దానికీ కోప్పడ్డాను. నిండు బాక్సు పట్టుకుని ఇంటికొచ్చాను.

సోమవారానికి ఒక గుడ్డు బయటపడింది. పెంకు లేదు, ఒట్టి పొర. రెండోది లోపలే ఉండిపోయింది. బల్లి కళ్లు తెరవడం లేదు. స్కూలు నుంచి రాగానే దాన్ని చెప్పుల డబ్బాలో పెట్టుకుని మళ్లీ ఆ డాక్టరమ్మ దగ్గరకు పోయాను. ఈసారి నిలబడే చెప్పాను. సున్నం, పళ్లెం, డాబా, ఒక్కరోజు, నేను చెప్పే పాఠం, అంతా.

ఆమె అరవలేదు. "శనివారమే చెప్పుంటే అప్పుడే కడిగేదాన్ని కదండీ," అంది. "సున్నం నోరు కాలుస్తుందని తాంబూలం వేసుకునేవాళ్లందరికీ తెలుసు. ఏమీ దొరక్కపోతే గుడ్డుపెంకు నూరి పెట్టినా సరిపోయేది." చేతులు కడుక్కుంటూ, లోపలి గుడ్డు దానంతట అది వస్తుందేమో వారం చూద్దామని, రాకపోతే కోయాలని, ఇంత నీరసంలో కోస్తే బతుకుతుందని తాను చెప్పలేనని చెప్పింది.

ఆ వారం నేను మనిషిని కాను. రోజుకు రెండుసార్లు సూది తీసేసిన సిరంజితో పల్చటి ఆహారం పెదవి అంచున చుక్కలుగా వేసేవాణ్ని, సగం కారిపోయేది. స్కూలు ల్యాబులోంచి ఎలక్ట్రానిక్ త్రాసు తెచ్చి రోజూ తూచేవాణ్ని. నలభై నాలుగు గ్రాములు. నలభై మూడు. నలభై ఒకటిన్నర. తోక మొదట్లో ఎంత మందముందో దారంతో కొలిచేవాణ్ని. కణతల దగ్గర లోపలికి పోయిందా, కళ్ల వెనక గుంట పడిందా, తొడ మీద చర్మం వదులైందా అని వేలు పెట్టి వెతికేవాణ్ని. చిక్కిపోవడం మొదట ఎక్కడ కనిపిస్తుందో డాక్టరమ్మ చూపించింది, అది కళ్లకు అంటుకుపోయింది. బస్సులో ఎదుటి మనిషిని చూసినా కణతలే కనిపించేవి.

బిడ్డకు ఇచ్చిన మాట ఒక్కటే, దాన్ని మంచిగా ఉంచుతానని. తను ఒక్కసారి అడిగింది, నేను విసుక్కుంటూ ఇచ్చాను. అది చచ్చిపోతే మా అమ్మాయికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? చదువు మీద ఎంత దెబ్బ పడుతుంది? అప్పటికీ నా బుర్ర చదువు దగ్గరే తిరుగుతోంది, చూడండి.

మళ్లీ ఆదివారం వచ్చింది. మా అమ్మ బాక్సులో పప్పు, చామగడ్డ పులుసు సర్దింది. నేను మెట్ల మీద కూర్చుని, ఈ వారానికి కూడా "మంచిగుంది" అనేద్దామని సిద్ధపడే ఉన్నాను. మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. బాక్సు అందుకోవడానికి చెయ్యి చాపింది.

చేతి గడియారం బెల్టుకు కొత్త రంధ్రం ఉంది. షాపువాడు వేసిన వరసలో కాదు, ఇంకా లోపలికి, కంపాస్ మొనతో పొడిచింది. ఆ రంధ్రంలో పెట్టుకున్నా గడియారం ముంజేతి మీద జారుతోంది. తలెత్తి మొహం చూశాను. కణతలు లోపలికి పోయాయి. కళ్ల వెనక గుంట. వారం రోజులుగా త్రాసు ముందు కూర్చుని నేర్చుకున్నదంతా నా బిడ్డ మొహం మీద ఉంది.

"నువ్వేం తింటున్నవ్ బిడ్డా?"

"అన్నీ తింటున్న డాడీ. మెస్ మంచిగనే ఉంది." తడుముకోకుండా, నా కళ్లలోకి చూడకుండా అంది. ఆ గొంతు నేను గుర్తుపట్టాను. అది నాదే. ప్రతి ఆదివారం నేను "మంచిగ తింటుంది" అన్న గొంతే.

నాకు ఏమైందో తెలియదు, గబగబా చెప్పేశాను. గుడ్లు, రెండోసారి గుడ్లు, సున్నం, నోరు, డాక్టరమ్మకు చెప్పిన అబద్ధం, తనకు చెప్పిన అబద్ధం. చుట్టూ ముద్దలు తింటున్న పిల్లలు, మార్కులు అడుగుతున్న తండ్రులు. నేను ఆగాక తను అంది.

"సున్నమా? డాడీ, నువ్వు సైన్స్ సారువి."

"అవును."

"ఎన్ని దినాలైంది తినక?"

"తొమ్మిది."

"నీకెప్పుడు తెల్సింది?"

"ఎంటనే. రెండో దినమే దవాఖానకు తీస్కపోయిన."

తన కళ్లలో నీళ్లు తిరిగాయి. బల్లి కోసమే అనుకుని, బతుకుతుందిలే అనబోయాను.

"నేను జూలైకెంచి సరిగ్గ తింటలేను," అంది. "టెస్టు అంటేనే కడుపుల తిప్పుతది. తిన్నది ఒస్తది. ప్రతి ఆదివారం నీ ముంగటనే బాక్స్ మూత పెట్టిచ్చిన. దాని తోక గురించి నేనడిగితె నువ్వు చెప్పినవ్. నన్ను ఒక్కసారన్న అడిగినవా? మార్కులడిగినవ్."

బల్లి తినడం మానేసిన రెండో రోజే ఆటో ఎక్కాను. నా బిడ్డకు జూలై, ఆగస్టు, సెప్టెంబరు గడిచిపోయాయి. పన్నెండు పదమూడు ఆదివారాలు ఎదురుగా కూర్చుని, నిండు బాక్సు చేత్తో మోసుకొచ్చి, దాని బరువు కూడా నాకు తెలియలేదు.

లేచి ఆఫీసు గదిలోకి పోయాను. బయటికి తీసుకెళ్లాలంటే రిజిస్టరులో కారణం రాయాలి. "ఆరోగ్యం బాగాలేదు" అని రాశాను. వార్డెన్ చదివి, "ఎవలికి సార్?" అంది. "మా బిడ్డకు," అన్నాను. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి.

ఇంటికి రాగానే మా అమ్మ మనవరాలిని చూసి, దగ్గరికి లాక్కుని మోచేతులు పట్టి చూసింది. "ఇదేం గోసరా!" అని నన్నే తిట్టింది, వారం కిందట తిట్టకుండా వదిలేసినది కూడా కలిపి. మా అమ్మాయి చేతులు కడుక్కుని గాజుపెట్టె తెరిచింది. గోరువెచ్చని నీళ్లు పళ్లెంలో వేలి గణుపు లోతు పోసి, బల్లిని అందులో నిలబెట్టి, పొట్ట కింద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఒక గంట, రెండు గంటలు. నీళ్లు చల్లారినప్పుడల్లా నేను వేడినీళ్లు తెచ్చి కలిపాను. నాకు అప్పగించిన పని అంతే. ఐదు గంటల ప్రాంతంలో అది ఒళ్లు బిగబట్టింది, మా అమ్మాయి అరచేతిలోకి గుడ్డు జారింది. నలిగి, సొట్టపడి, పసుపచ్చగా ఉంది. బల్లి కాసేపు కదల్లేదు. తర్వాత కళ్లు తెరిచి తన వేలి మీది నీటిచుక్కను నాకింది.

అది బతికింది. మా అమ్మాయి మళ్లీ హాస్టల్‌కు వెళ్లలేదు. తననూ ఒక డాక్టరుకు చూపించాం, ఇంకా చూపిస్తున్నాం. ఎప్పుడైనా ఓపిక ఉన్న రోజు మెట్రోలో క్లాసుకు పోయి వస్తుంది. పరీక్ష మళ్లీ రాస్తుందో లేదో మేమిద్దరం మాట్లాడుకోలేదు. అడగాలని నాకు నోటిదాకా వస్తుంది, మింగేస్తాను. మా అమ్మ గుడ్డుపెంకులు కడిగి, ఎండబెట్టి, రోట్లో నూరి, పాత కాల్షియం డబ్బాలోనే నింపి పెట్టింది. మొన్న రివిజన్‌లో బోర్డు మీద సమీకరణం రాసి, "రెండు మూడు రోజులు" కింద గీత గీస్తుంటే సుద్దముక్క విరిగింది. పిల్లలు నవ్వారు.

బల్లి కింది పెదవి ఒక పక్క కుంచించుకుపోయి అట్లాగే ఉంది. రోజు విడిచి రోజు సాయంత్రం పట్టకారు నేనే పట్టుకుంటాను. అది నా చేతిని చూసి తల పక్కకు తిప్పుకుంటుంది. కాసేపు చూసి పట్టకారు మా అమ్మాయికి ఇస్తాను, తను పెడితే తింటుంది. ఆ తర్వాత మేం అన్నానికి కూర్చుంటాం. నేను తన కంచం వైపు చూస్తున్నానని తనకు తెలుసు. అందుకని మెల్లగా, ఒక్కో ముద్దా నాకు కనపడేటట్టు తింటుంది. ఆకలై తింటుందో, నా కోసం తింటుందో నాకు ఇప్పటికీ తెలియదు.